కూలిన విమానం ఒకటే అయితే విజయం ఎవరి ఖాతాలో పడుతుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన ఫైటర్ పైలట్ జానీ జాన్సన్ ఎన్ని విమానాలు కూల్చాడని వెతికితే ఒక చోట 34 అనీ, మరో చోట 38 అనీ, ఇంకో చోట 41 అనీ కనిపిస్తోందనీ, వీటిలో ఏది నిజమనీ మీరు అడిగారు. మూడూ ఒకే రికార్డులోంచి వచ్చినవే. జాన్సన్ ఒంటరిగా కూల్చినవిగా నమోదైనవి 34, సహచరులతో కలిసి కూల్చినవి మరో 7. ఉమ్మడి వాటిని వదిలేసినవారు 34 అంటారు, ఒక్కొక్కదాన్ని పూర్తి విజయంగా కలిపినవారు 41 అంటారు, వాటాల చొప్పున కలిపినవారు 38 దగ్గర ఆగుతారు. చిక్కంతా ఆ ఏడింటిలోనే ఉంది. ఒక విమానం మీద ఇద్దరో ముగ్గురో కాల్పులు జరిపి దాన్ని కూల్చినప్పుడు ఆ విజయాన్ని ఎలా రాయాలనే విషయంలో ప్రపంచంలోని వైమానిక దళాలు ఎన్నడూ ఒక్క మాట మీద లేవు.

చాలా ఏళ్లుగా ఈ లెక్కలు చదువుతున్నవాడిగా ముందు ఒక సంగతి చెబుతాను, ఎందుకంటే ఇది పట్టుబడితే మిగతా నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. విజయాల నమోదు అనే పని మొదటి నుంచీ రెండు వేర్వేరు అవసరాలను ఒకేసారి మోయవలసి వచ్చింది. శత్రువు ఈ రోజు ఎన్ని విమానాలు పోగొట్టుకున్నాడో ప్రధాన కార్యాలయానికి తెలియాలి, అది మొదటి అవసరం. ప్రాణాలకు తెగించి పోరాడిన పైలట్‌కు పతకమో పదోన్నతో పేరో దక్కాలి, అది రెండోది. శత్రు నష్టాన్ని లెక్కించేవాడికి కూలిన విమానం ఒకటైతే పైలట్ల వాటాలన్నీ కలిపినా ఒకటే కావాలి. గౌరవాన్ని పంచేవాడికి ఆ నిర్బంధం లేదు. ఇద్దరు సమానంగా తెగించి పోరాడినప్పుడు ఇద్దరికీ పూర్తి గౌరవం ఇవ్వడంలో ఆయనకు అన్యాయం కనిపించదు. ఏ దేశం ఏ అవసరానికి పెద్దపీట వేసిందో చూస్తే ఆ దేశపు నియమం ఎలా ఉంటుందో ముందే ఊహించవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ గౌరవం వైపు మొగ్గింది. కూల్చినట్లు పైలట్ చెబితే సరిపోయేది కాదు, నేల మీది పరిశీలకులో ఇతర సాక్షులో నిర్ధారించాలి. ఆ విషయంలో ఫ్రెంచివారు చాలా గట్టిగా ఉండేవారు. ఆ కాలపు మిత్రరాజ్యాల పైలట్లలో అగ్రస్థానంలో ఉన్న రెనె ఫోంక్‌కు నిర్ధారణ అయిన విజయాలు 75, ఆయన చెప్పుకున్నవి వందకు పైనే. నిర్ధారణలో ఇంత బిగువు చూపిన వ్యవస్థే పంపకంలో మాత్రం ఎంతో ఉదారంగా ఉండేది. నిర్ధారణ అయిన విజయంలో పాలుపంచుకున్న ప్రతి పైలట్ ఖాతాలోనూ ఒక పూర్తి విజయం పడేది. అందువల్ల పైలట్ల ఖాతాలన్నీ కూడితే వచ్చే మొత్తం నిజంగా కూలిన విమానాల సంఖ్యను మించిపోతుంది. ఈ పద్ధతి 1939-40లోనూ కొనసాగింది. ఆ ఏడాది ఫ్రెంచి పైలట్లలో ముందు వరుసలో నిలిచిన ఎడ్మండ్ మారన్ లా మెస్లే ఖాతాలోని 16 విజయాల్లో గణనీయమైన భాగం సహచరులతో కలిసి సాధించినవే. వాటిని అదే ఏడాది బ్రిటిష్ పైలట్లు సాధించిన సంఖ్యల పక్కన పెట్టి పోల్చడం సరికాదు, ఎందుకంటే అక్కడ లెక్క వేరు.

జర్మనీ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. కూలిన విమానం ఒకటైతే విజేత ఒక్కడే. సగాలూ మూడో వంతులూ వారి పద్ధతిలో లేవు. 1914-18లో వైమానిక పోరాటాలు ఎక్కువగా జర్మన్ల అధీనంలోని నేల మీదే జరిగేవి కాబట్టి శకలాలు వారి చేతికే చిక్కేవి, ఎవరిదని విచారించి తేల్చడానికి వారికి వీలుండేది. మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్తోఫెన్ 80 విజయాలు ఇప్పటికీ చాలావరకు పేరుపేరునా సరిపోలడానికి ఇదొక ముఖ్యకారణం.

బ్రిటన్ పద్ధతి వీటి మధ్య ఎక్కడో ఉంటుంది, అందుకే అన్నిటికంటే గజిబిజిగా ఉంటుంది. శత్రు విమానం ధ్వంసమైనట్లు చూస్తే ఒక తరగతి, అదుపు తప్పి గిరగిరా తిరుగుతూ కిందికి పోయినట్లు చూస్తే మరో తరగతి. పోరాటాలు శత్రువు నేల మీద జరిగేవి కాబట్టి కింద పడేదాకా చూసే అవకాశం చాలాసార్లు ఉండేది కాదు. అదుపు తప్పిన విమానాన్నీ విజయంగానే రాసుకునేవారు. ఉమ్మడి విజయం అందులో పాల్గొన్న ప్రతివారి పేరుతోనూ నమోదయ్యేది. ఇక్కడ మన దేశానికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. కలకత్తాలో పుట్టి, 40వ స్క్వాడ్రన్‌లో జార్జ్ మెకెల్రాయ్ నాయకత్వం కింద ఎస్.ఇ.5ఎ విమానం నడిపిన ఇంద్రలాల్ రాయ్ 1918 జులైలో దాదాపు రెండు వారాల్లోనే 10 విజయాలు సాధించాడు. వాటిలో ధ్వంసమైనవి 5, అందులో ఒకటి ఉమ్మడి. అదుపు తప్పి పోయినవి 5, అందులోనూ ఒకటి ఉమ్మడి. అదే నెల 22న, 19 ఏళ్ల వయసులో, ఆయన పోరాటంలోనే నేలకూలాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం మరణానంతరం దక్కింది.

ఈ పదిని ఇప్పుడు వేర్వేరు తూకాల్లో పెట్టి చూడండి. ఆ నాటి బ్రిటిష్ నియమం ప్రకారం 10. ఉమ్మడి వాటిని వాటాలుగా విడగొడితే 10కి కొంచెం తక్కువ. కళ్లముందు ధ్వంసమైనవాటినే ఒప్పుకుని, అందులోని ఉమ్మడిదాన్ని వాటాగా లెక్కిస్తే 4కు పైన, 5కు లోపల. 5 విజయాలు ఉంటేనే పైలట్‌ను ఏస్ అంటారు కనుక, భారతదేశపు తొలి ఏస్‌గా మనం గౌరవించే మనిషి ఆ మూడో తూకంలో ఏస్ కాకుండా పోతాడు. ఆయనను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎవరినైనా వారు పోరాడిన నాటి నియమంతోనే కొలవాలి, తరవాతి తరం నియమాన్ని వెనక్కి తీసుకెళ్లి కొలిస్తే అది పోలిక కాదు, అన్యాయం.

నియమం ఎలా ఉన్నా దాన్ని అమలు చేసింది మనుషులే. 1917 సెప్టెంబర్ 23న 48 విజయాల జర్మన్ పైలట్ వెర్నర్ వాస్ ఒంటరిగా 56వ స్క్వాడ్రన్‌కు చెందిన పలు విమానాలతో తలపడి, దాదాపు ప్రతి విమానానికీ తూట్లు పొడిచి, చివరికి కూలిపోయాడు. ఆ బృందంలో జేమ్స్ మెకడన్ వంటి దిట్టలున్నారు, చాలామంది గుళ్లు పేల్చారు, అయినా విజయం ఆర్థర్ రీస్ డేవిడ్స్ ఒక్కడి పేరునే నమోదైంది, ఎందుకంటే ఆఖరి దెబ్బ ఆయనదేనని అందరూ ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది జులై 26న 85వ స్క్వాడ్రన్ నాయకుడు మిక్ మానక్ ఇంకా ఖాతా తెరవని డొనాల్డ్ ఇంగ్లిస్ అనే న్యూజిలాండ్ యువకుణ్ని వెంటబెట్టుకు వెళ్లి, ఇద్దరు కూర్చునే జర్మన్ విమానాన్ని తాను దెబ్బతీసి, ముగించే పని ఆ కుర్రవాడికి వదిలాడు. విజయం ఇద్దరిదీ అయింది. కొద్ది క్షణాల తరవాత నేల మీది నుంచి వచ్చిన కాల్పుల్లో మానక్ విమానం అంటుకుని ఆయన మరణించాడు. ఉమ్మడి విజయం అన్న మాట విన్నప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఉదయమే. అక్కడ వాటా పంచుకోవడం ఒక గురువు శిష్యుడికి చెప్పిన పాఠం, దాన్ని ఏ భిన్నమూ పట్టి చూపలేదు.

రెండో యుద్ధానికి వచ్చేసరికి బ్రిటిష్ వైమానిక దళం భిన్నాలకు మారింది. ఇద్దరైతే చెరి సగం, ముగ్గురైతే మూడో వంతు. పైలట్ కిందికి దిగగానే స్క్వాడ్రన్ ఇంటెలిజెన్స్ అధికారి ఎదుట కూర్చుని పోరాట నివేదిక ఇచ్చేవాడు. ఎంత ఎత్తులో, ఎటునుంచి, ఎంత దూరంలో కాల్చాడు, శత్రు విమానం ఏమైంది అనేవి అందులో ఉండేవి. దాన్నిబట్టి ధ్వంసమైందనీ, బహుశా ధ్వంసమైందనీ, దెబ్బతిన్నదనీ మూడు తరగతుల్లో ఒకదానిలో వేసేవారు. మరి ఇంత పద్ధతి ఉండగా 1940 సెప్టెంబర్ 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని ఎందుకు ప్రకటించారు, నిజమైన జర్మన్ నష్టం 60 దరిదాపుల్లోనే ఎందుకు తేలింది? అబద్ధాల వల్ల కాదు. ఒక బాంబరు మీద ఒక పైలట్ పైనుంచి, మరొకడు పక్కనుంచి, వేరే స్క్వాడ్రన్‌కు చెందిన మూడోవాడు వెనకనుంచి కాల్చి, ఎవరికి వారు పక్కకు తిరిగి వెళ్లిపోయి, పొగ చిమ్ముతూ పడిపోతున్న అదే విమానాన్ని ముగ్గురూ తమదనుకున్నారు. ఒకరికొకరు కనిపించలేదు. భిన్నాల నియమం పనిచేయాలంటే భాగస్వాములు ఎవరో ముందు తెలియాలి; ఒకే స్క్వాడ్రన్‌లోనైతే భోజనాల బల్ల దగ్గర తేలుతుంది, వేర్వేరు స్థావరాల నుంచి వచ్చిన పైలట్లయితే ఎవరు తేలుస్తారు? పెద్ద పోరాటాల్లో లెక్క ఎక్కువగా ఉబ్బడానికి మూలం ఇదే. నమోదు కాని ఉమ్మడి విజయాలే తప్పుడు లెక్కలుగా మారాయి.

భిన్నాలను నిష్ఠగా పాటించినవారి రికార్డులు చదువుతుంటే ముచ్చటేస్తుంది. యుద్ధం ముగిశాక యెర్జి బయాన్ అధ్యక్షతన పోలండ్ పైలట్ల విజయాలను ఒక సంఘం తిరిగి లెక్కకట్టింది. అందులో అగ్రస్థానంలోని స్తానిస్వావ్ స్కాల్‌స్కి ఖాతా 18 11/12. ఫిన్లాండ్‌లో ఇల్మారి యూతిలాయినెన్ సంఖ్యను కచ్చితంగా రాసేవారు 94 1/6 అంటారు. 94 పూర్తి విజయాల పక్కన ఆరుగురు పంచుకున్న ఒక విమానంలోని వాటాను కూడా వారు వదల్లేదు. అమెరికన్ జార్జ్ ప్రెడీ ఖాతా 26.83. ఒక సగమూ ఒక మూడో వంతూ కలిస్తే ఆ 0.83 వస్తుంది. పదహారణాల విజయం కాని ప్రతి దానికీ దాని అణాలు దాని పక్కన రాసిపెట్టిన ఈ గుమస్తాల పని వల్లనే ఇవాళ మనం వాటాలన్నీ కూడి, కూలిన విమానాల సంఖ్యతో సరిచూసుకోగలుగుతున్నాం.

అమెరికా గురించి ఒక హెచ్చరిక చేయాలి. యుద్ధకాలంలో అమెరికన్ వైమానిక దళాలన్నిటికీ ఒకే నియమం ఉన్నదని అనుకోకండి. యూరప్‌లోని ఎనిమిదో వైమానిక దళం నేల మీద నిలిపి ఉంచిన విమానాలను ధ్వంసం చేసినా ఖాతాలో కలిపేది, ఇతర చోట్ల అలా కలపలేదు. గగనతల విజయాలను మాత్రమే తీసుకుని, ఉమ్మడివాటిని భిన్నాలుగా రాసిన అధికారిక జాబితా 1978లో గాని వెలువడలేదు. యుద్ధకాలపు పత్రికల్లోని అమెరికన్ సంఖ్యకూ ఆ జాబితాలోని సంఖ్యకూ తేడా కనిపిస్తే ముందు అనుమానించవలసింది ఇదే.

జర్మన్లు రెండో యుద్ధంలోనూ ఒక విమానానికి ఒకే పైలట్ అన్న సూత్రాన్ని వదల్లేదు. ఎరిక్ హార్ట్‌మన్ 352 విజయాల్లో భిన్నం ఒక్కటీ కనిపించదు. ఇద్దరిలో ఎవరిదో తేలకపోతే విజయాన్ని వ్యక్తికి కాక దళానికి రాసేవారు. కానీ నాలుగు ఇంజన్ల అమెరికన్ బాంబర్లు గుంపులుగా రావడం మొదలయ్యాక ఈ సూత్రం ఇరకాటంలో పడింది. అంత పెద్ద బాంబరును ఒక్కడు ఒక్క దాడిలో కూల్చడం అరుదు. గుంపులోంచి దాన్ని విడదీయడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పని, విడిపడి కుంటుతూ పోయేదాన్ని తరవాత ఎవరైనా ముగించగలరు. అందుకని పతకాల కోసం వేరుగా పాయింట్ల పద్ధతి పెట్టారు. నాలుగు ఇంజన్ల బాంబరును కూల్చితే 3, గుంపులోంచి విడదీస్తే 2, అప్పటికే దెబ్బతిన్నదాన్ని ముగిస్తే 1. విడదీసిన దానికి వారు పెట్టిన పేరు హెరావుస్‌షుస్. ఆ విధంగా ఒకే బాంబరుకు ఇద్దరు పైలట్లు వేర్వేరు గుర్తింపులు పొందే వీలు కలిగింది. ఉమ్మడి విజయాన్ని ముందు తలుపు దగ్గర కాదన్న వ్యవస్థ పెరటి గుమ్మంలోంచి దాన్ని లోపలికి పిలిచిందని నేననుకుంటాను. అయితే ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది: సగానికి సగం అని కళ్లు మూసుకుని పంచకుండా, ఎవరి పని ఎంత కష్టమో తూచి పంచిన వ్యవస్థ ఇది.

సోవియట్ వైమానిక దళం వ్యక్తిగత విజయాలనూ సామూహిక విజయాలనూ రెండు వేర్వేరు ఖాతాలుగా రాసింది, వాటిని కలపలేదు. అలెగ్జాండర్ పొక్రీష్కిన్ అధికారిక లెక్క 59, దాని పక్కన సామూహికం 6. నా దృష్టిలో అన్నిటికంటే నిజాయితీ గల పద్ధతి ఇదే, చదివేవాడికి ఏదీ దాచదు. ఇటలీలో విజయాన్ని ప్రధానంగా దళానికి చెందినదిగానే చూసేవారు. జపాన్ నౌకాదళం కూడా 1943 నుంచి వ్యక్తిగత ఖాతాలను గుర్తించడం మానేసింది, కాబట్టి ఆ పైలట్ల పేర్ల పక్కన కనిపించే పెద్ద సంఖ్యలను జాగ్రత్తగా చదవాలి.

ఇక ఉమ్మడి విజయాల చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన వివాదం దగ్గరికి వస్తాను. 1943 ఏప్రిల్ 18న జాన్ మిచెల్ నాయకత్వంలో 16 అమెరికన్ పి-38 ఫైటర్ విమానాలు గ్వాడల్‌కెనాల్ నుంచి బయలుదేరి, సముద్రాన్ని ఆనుకుని 600 కిలోమీటర్లకు పైగా చుట్టుతిరిగి వెళ్లి, బూగన్‌విల్ ద్వీపం దగ్గర జపాన్ అడ్మిరల్ యమమోతో ప్రయాణిస్తున్న బాంబరును అడ్డుకున్నాయి. దాడి చేయవలసిన నలుగురిలో టామస్ లాన్‌ఫియర్, రెక్స్ బార్బర్ ఉన్నారు. లాన్‌ఫియర్ తాను పక్కనుంచి కాల్చగా బాంబరు కుడి రెక్క విరిగిందని చెప్పాడు. బార్బర్ తాను వెనకనుంచి వెంటాడి కాల్చి అడవిలో కూల్చానని చెప్పాడు. మొత్తం మూడు బాంబర్లు కూలినట్లు మొదట నమోదైంది. యుద్ధం ముగిశాక జపాన్ వైపు సంగతులు తెలిసేసరికి అక్కడ ఉన్న బాంబర్లే రెండని తేలింది. ఒకటి అడవిలో, రెండోది సముద్రంలో పడ్డాయి. అడవిలో పడిన యమమోతో బాంబరును చెరి సగంగా ఇద్దరి ఖాతాల్లో వేశారు.

ఆ సగం ఇద్దరినీ తృప్తిపరచలేదు. శకలాలను పరిశీలించినవారికి వెనకనుంచి వచ్చిన గుళ్ల ఆనవాళ్లు కనిపించాయి, ఆ రోజు రక్షణగా వెళ్లిన ఆరు జపాన్ జీరో ఫైటర్ విమానాల పైలట్లలో యుద్ధం ముగిసేదాకా బతికి ఉన్న ఒకే ఒక్కడు చెప్పినదీ బార్బర్ కథనానికే దగ్గరగా ఉంది. లాన్‌ఫియర్ 1987లో మరణించాడు. బార్బర్ పక్షాన రికార్డులు సరిదిద్దే మండలి ముందుకు వ్యవహారం వెళితే సభ్యులు రెండుగా చీలిపోయారు. వైమానిక దళ కార్యదర్శి డొనాల్డ్ రైస్ పంపకాన్ని అలాగే ఉంచారు. 1996లో అప్పీలు కోర్టు కూడా ఆ నిర్ణయాన్ని రద్దు చేయడానికి ఒప్పుకోలేదు. బార్బర్ 2001లో ఆ సగంతోనే కన్నుమూశాడు. సాక్ష్యాలు చదివినంతలో నేను బార్బర్ పక్షమే. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, 0.5 అన్న అంకె రికార్డులో రెండు పూర్తిగా భిన్నమైన అర్థాలతో కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి కూల్చారని ఒక అర్థం. ఇద్దరిలో ఒక్కడే కూల్చాడు గానీ ఎవరో తేల్చలేకపోయామని మరో అర్థం. అంకె చూస్తే ఏది ఏదో తెలియదు, వెనక ఉన్న నివేదికలు చదివితేనే తెలుస్తుంది.

ఆ తరవాతి యుద్ధాల్లో అమెరికా నియమం మరో మలుపు తిరిగింది. కొరియాలో భిన్నాలే నడిచాయి: 1952 ఫిబ్రవరి 20న కూలిన ఒక శత్రు ఫైటర్ విమానం మిగ్-15ను ఫ్రాన్సిస్ గాబ్రెస్కీ, విలియం విస్నర్ చెరి సగం పంచుకున్నారు, అందుకే గాబ్రెస్కీ మొత్తం 28కి 6.5 కలిపి 34.5 అయింది. వియత్నాంలో ఇద్దరు కూర్చునే ఎఫ్-4 వచ్చింది. ముందు కూర్చున్న పైలట్‌కూ, వెనక కూర్చుని రాడార్ చూసే అధికారికీ చెరొక పూర్తి విజయం ఇవ్వాలని నిర్ణయించారు. దాని ఫలితంగా ఆ యుద్ధంలో అమెరికన్లందరికంటే ఎక్కువగా 6 విజయాలు చార్లెస్ డిబెల్యూ ఖాతాలో పడ్డాయి, ఆయన పైలట్ కాదు, వెనక సీటు అధికారి. వాటిలో నాలుగు స్టీవ్ రిచీ నడిపిన విమానంలో సాధించినవి. రిచీ ఖాతా 5. నాలుగు మిగ్‌లు కూలితే ఎనిమిది విజయాలు నమోదయ్యాయి. రెండో యుద్ధంలో రాత్రిపూట 19 విమానాలు కూల్చిన బ్రిటిష్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్‌కు చీకట్లో దారి చూపి శత్రువు వెనక నిలబెట్టింది ఎక్కువసార్లు జిమ్మీ రాన్స్లీ రాడార్ తెరే, అయినా ఏస్‌ల జాబితాలో పేరు కన్నింగ్‌హామ్‌దే. అది సరిచేయవలసిన లోటని నా అభిప్రాయం. వియత్నాం నియమం గౌరవం వైపు పూర్తిగా మొగ్గినా, ఆ లోటును గుర్తించింది.

మీ అసలు ప్రశ్నకు వస్తే, జాన్సన్ గురించి రాసేటప్పుడు 38 అనో 41 అనో ఒక్క అంకె వేయకండి. 34 ఒంటరిగా, 7 ఉమ్మడిగా అని విడిగా రాయండి. వేరే పైలట్‌తో పోల్చవలసి వస్తే ఇద్దరూ ఒకే దేశపు, ఒకే యుద్ధపు నియమం కింద పోరాడారో లేదో ముందు చూసుకోండి. మీ దగ్గర ఉన్న పుస్తకంలో అంకె పక్కన భిన్నం కనిపించకపోతే, ఆ రచయిత ఉమ్మడి వాటిని వదిలేశాడా, పూర్తిగా కలిపాడా, దగ్గరి అంకెకు సవరించాడా అన్నది పుస్తకం ముందుమాటలో వెతకండి. మంచి రచయితలు అక్కడ తప్పక చెబుతారు.